మిగులు ఊలు 70 గ్రాములు: చిల్లుల చారల మేజోళ్ళు ఒక జత వస్తాయా?

పద్మ_ఊలుబుట్ట
మా వదిన మిన్నెసోటా నుంచి వచ్చినప్పుడు తను అల్లగా మిగిలిన ఊలు ఉండలు ఒక సంచీలో వేసి ఇచ్చింది. అన్నీ మేజోళ్ళ ఊలే, 75 శాతం ఉన్ని, 25 శాతం నైలాన్. ఆవపసుపు 14 గ్రాములు, చిలకపచ్చ 11, ఎరుపు 9, నీలం 18, తెలుపు 12, వంగపండు రంగు 6. మొత్తం 70. అమ్మకు డిసెంబరులో ఇంట్లో నేల మీద నడిస్తే పాదాలు జివ్వుమంటాయి. ఇంట్లో చెప్పులు వేసుకోమంటే వేసుకోదు. అందుకని చారలు చారలుగా, అలల్లాంటి చిల్లుల డిజైన్‌తో మేజోళ్ళు మొదలుపెట్టాను. 60 కుట్లు, 2.5 మిల్లీమీటర్ల సూదులు, రెండు వరుసలకొకసారి రంగు మార్పు.

ఇప్పుడు పరిస్థితి ఇది. చీలమండ దాకా వచ్చేసరికి వంగపండు ఊలు అయిపోయింది. రెండో కాలికి ఆ రంగు ఒక్క వరుస కూడా రాదు. రంగు మారిన చోటల్లా మెట్టు పడింది. ఇంత చేసి అమ్మ కాలికి తొడగబోతే మడమ దగ్గర ఆగిపోయింది, పైకి రాలేదు. లోపల తిప్పి చూస్తే వేలాడే దారపు కొసలు లెక్కపెట్టలేనన్ని, చిన్న గొర్రెపిల్లలా ఉంది. విప్పేయాలా, దీన్ని కాపాడే మార్గం ఉందా?

గుంటూరు_వదిన
బజారులో జత వంద రూపాయలకు దొరుకుతాయి. అమ్మకు అవి కొనిపెట్టి, ఊలుతో బొమ్మ చేసి అల్మారాలో పెట్టుకోండి.

సీదాఉల్టా
వదినగారు ప్రతి చర్చలోనూ ఈ మాటే అంటారు. అయినా వేదిక వదిలి వెళ్ళరు.

పద్మగారూ, ముందు లోపలివైపు ఎలా ఉందో చెప్పండి. రంగు మార్చినప్పుడు పాత దారాన్ని కత్తిరించారా, లోపలే పైకి లాక్కుపోయారా?

పద్మ_ఊలుబుట్ట
కొన్ని కత్తిరించాను. పసుపు, నీలం మాత్రం లోపల నిలువుగా పైకి తెచ్చుకున్నాను. ఆరేడు వరుసల తరవాత మళ్ళీ అదే రంగు అందుకున్న చోట్లు కూడా ఉన్నాయి.

సీదాఉల్టా
దొరికింది. ఆ నిలువు దారం బిగిసిపోయి ఉంటుంది. అల్లిక సాగుతుంది, అది సాగదు. పావడా బొందు లాగినట్టు పట్టేస్తుంది. పై అంచు కుట్లు కూడా బిగువుగా వేసి ఉంటే ఇక మడమ దాటే ప్రశ్నే లేదు. అంచు కుట్లు రెండు సూదులు కలిపి పట్టుకుని వేసి, ఆ తరవాత ఒక సూది లాగేయాలి. నాకు పఠాన్‌కోట్ క్వార్టర్స్‌లో పక్కింటి సర్దార్నీగారు నేర్పిన మొదటి పాఠం అదే.

చీమకుర్తి_చిట్టి
సీదాఉల్టా అక్కా, రెండు సూదులు అంటే లావు సూది వాడినా సరిపోతుందా?

సీదాఉల్టా
సరిపోతుంది. కానీ అక్కను కాదమ్మా, అన్నయ్యను. మీసాలు కూడా ఉన్నాయి. ఈ సంగతి ఇక్కడ చెప్పడం ఇది నాలుగోసారి.

చీమకుర్తి_చిట్టి
క్షమించండి అన్నయ్యా! పద్మగారూ, మీ ఇంట్లో నేల నల్ల గ్రానైటేనా? బంగారు చుక్కలు మెరిసే రకమైతే అది మా ఊరి రాయే. అంటే మీ అమ్మగారి పాదాలు జివ్వుమనడానికి మాదే పూచీ.

పద్మ_ఊలుబుట్ట
అదే రాయి! ఊలు ఖర్చు మీ ఊరి పంచాయతీకి రాసి పంపిస్తాను.

మిన్నెసోటా_మంచు
చలికి వేసుకునే వాటికి చిల్లులు ఎందుకో నాకు అర్థం కాదు. ఇక్కడ జనవరిలో సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి వెళ్తుంది. చిల్లుల మేజోళ్ళు వేసుకుని బయటికి వెళ్తే వేళ్ళు ఇంటికి తిరిగి రావు.

పద్మ_ఊలుబుట్ట
మాది హైదరాబాదండీ. చలి నేల మీద తప్ప గాలిలో అంతగా ఉండదు. మందపాటివి వేస్తే అరగంటకే చెమట పట్టి తీసి పారేస్తుంది. పాదం కింద వెచ్చగా, పైన గాలి ఆడేలా ఉండాలి.

మిన్నెసోటా_మంచు
అలాగైతే ఒప్పుకుంటాను. అయితే అరికాలి వైపు చిల్లులు పెట్టకండి. పెట్టారా?

పద్మ_ఊలుబుట్ట
పాదం దాకా ఇంకా రాలేదుగా. పెట్టాలనే అనుకున్నాను.

ఎడింబరో_శారద
అరికాలికి చిల్లులు ఎవరూ పెట్టరు. నడుస్తుంటే ఒత్తుకుంటాయి, ఆ దారాలే ముందు అరిగి తెగుతాయి. పాదం పైభాగంలో డిజైన్, కింద సాదా.

మీరు అల్లుతున్న అలల డిజైన్ స్కాట్లండ్‌లోని షెట్లాండ్ దీవులది, దాన్ని ఓల్డ్ షేల్ అంటారు. అక్కడి లేసు అనగానే అందరూ పెళ్ళి ఉంగరంలోంచి దూరే పల్చటి శాలువాల గురించి చెబుతారు కానీ, ఆడవాళ్ళు రోజూ భుజాల మీద కప్పుకుని పనులు చేసుకున్నది వేరే శాలువా. దాన్ని హ్యాప్ అంటారు. నడుమ సాదా చదరం, చుట్టూ ఈ అలల అంచు. ఆ అంచులో గొర్రెల సహజ రంగులు, అంటే తెలుపు, లేత గోధుమ, ఎర్ర గోధుమ, బూడిద, నలుపు, ఒకదాని తరవాత ఒకటి చారలుగా వేస్తారు. ఒక్కో రంగుకు కావలసింది కొంచెమే. కాబట్టి కొద్దికొద్ది ఊలుతో చిల్లుల చారలు అల్లడం మీరు కనిపెట్టిన పిచ్చి కాదు, చాలా పాత పిచ్చి.

నరసాపురం_కొక్కెం
లేసు అన్న మాట వినగానే పరుగెత్తుకొచ్చాను, తీరా చూస్తే సూదులు, ఊలు. మా వైపు లేసు అంటే నూలు దారం, ఒక్క కొక్కెం సూది. మా అమ్మమ్మ గుమ్మంలో కూర్చుని కరెంటు పోయినా, కబుర్లాడుతున్నా చూడకుండా వేసేది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఇప్పటికైనా పేరు తప్పు పలకకండి.

ఎడింబరో_శారద
మీ లేసుకు నమస్కారం. కానీ కొక్కెంతో అల్లిన మేజోడు సాగదు, మందం కూడా. ఈ ఒక్కటీ సూదులకు వదిలేయండి.

నరసాపురం_కొక్కెం
వదిలేశాను. పై అంచుకు ఒక వరుస కొక్కెం పూలు వేయనిస్తే.

లెక్కల_మేడమ్
అసలు జబ్బు గురించి ఎవరూ మాట్లాడడం లేదు. ఊలు చాలకపోవడం కాదు, పంచుకోకపోవడం. ముందు నగలు తూచే చిన్న కాటా ఒకటి తెచ్చుకోండి. వంటింటి కాటా గ్రాముకు తక్కువ చూపదు, దానితో ఈ లెక్క కుదరదు. ప్రతి రంగునూ తూచి సగానికి రెండు ఉండలు చేయండి. పసుపు 7, పచ్చ 5.5, ఎరుపు 4.5, నీలం 9, తెలుపు 6, వంగపండు 3. ఒక కాలికి 35 గ్రాములు. ఎడమకాలి సంచీ, కుడికాలి సంచీ. ఒక దానిలోంచి రెండో దానికి అప్పు ఇవ్వడం నిషేధం.

ఈ రకం ఊలు 100 గ్రాములకు సుమారు 400 మీటర్లు, అంటే గ్రాముకు నాలుగు. 60 కుట్ల వరుసకు నా చేతి బిగువుతో 60 సెంటీమీటర్లు పడుతుంది. మీది ఎంతో మీరే చూసుకోండి: పది వరుసలకు ముందూ తరవాతా ఉండను తూచితే తెలిసిపోతుంది. నాలుగు వరుసల చారకు 2.4 మీటర్లు, రెండు కొసలకు కలిపి 30 సెంటీమీటర్లు. మొత్తం 2.7, అంటే 0.7 గ్రాములు. వంగపండు 3 గ్రాములకు నాలుగు చారలు. తెలుపు ఎనిమిది. ఎరుపు ఆరు. పచ్చ ఏడు. పసుపు పది. నీలం పక్కన పెట్టండి, ఎందుకో చెబుతాను. ఇవే 35 చారలు, 140 వరుసలు. అమ్మగారి పాదం ఎంత?

పద్మ_ఊలుబుట్ట
మడమ నుంచి బొటనవేలి కొస దాకా 22.5 సెంటీమీటర్లు. మేడమ్, మీరు క్లాసులో కూడా ఇలాగే అప్పు నిషేధం అనేవారా?

లెక్కల_మేడమ్
తీసివేతల్లో అప్పు తప్పదు, ఊలులో తప్పించుకోవచ్చు. పొట్టి మేజోడైతే పిక్కకు 48 వరుసలు, పాదానికి సుమారు 60. మొత్తం 108, అంటే 27 చారలు. మీ దగ్గర 35 ఉన్నాయి. ఊలు మీకు మొదటినుంచీ సరిపోయేదే.

నీలం ఎందుకు ఆపానంటే, మడమ, వేళ్ళ కొస, పై అంచు మూడూ ఒకే రంగులో ఉంటే మిగతా రంగుల గోల సర్దుకుంటుంది. మడమకు రెండు గ్రాములు, కొసకు రెండు, అంచుకు రెండు.

మిన్నెసోటా_మంచు
మడమకు రెండు గ్రాములా? నాకు ఎప్పుడూ మూడు దాటుతుంది.

లెక్కల_మేడమ్
మీరు మడమ వెనక పలక అల్లి, పక్క కుట్లు ఎత్తుకునే పద్ధతి వాడతారేమో. నేను చెప్పేది చివర్లో అతికే మడమ. మడమ రావలసిన చోట 30 కుట్లు వేరే రంగు పనికిరాని దారంతో అల్లి, మళ్ళీ అవే కుట్లు అసలు దారంతో అల్లుకుంటూ పోవడం. అంతా అయ్యాక ఆ దారం లాగేస్తే నోరు తెరుచుకుంటుంది. పైన 30, కింద 30 కుట్లు ఎత్తుకుని, వేళ్ళ కొస ఎలా తగ్గిస్తామో అలాగే తగ్గించడం. మిగులు ఊలుకు దీన్ని మించినది లేదు: చారల వరుస మడమ దగ్గర తెగదు, రేపు మడమ చిరిగితే అది ఒక్కటే విప్పి కొత్తది వేయవచ్చు.

సీదాఉల్టా
నేను వ్యతిరేకిస్తున్నాను. ఆ మడమ లోతు తక్కువ. పాదం ఎత్తుగా ఉన్నవాళ్ళకు పైన పట్టేస్తుంది. అమ్మగారిది ఇప్పటికే మడమ దగ్గర ఆగిపోయిన కేసు.

లెక్కల_మేడమ్
ఆగింది లోపలి దారం వల్ల అని మీరే అన్నారు కదా అన్నయ్యగారూ. మడమకు ముందు రెండు వరుసలు సాదాగా పెంచి వేస్తే లోతు వస్తుంది.

సీదాఉల్టా
నా మాటతోనే నన్ను కొట్టారు. సరే. రెండు కాదు, నాలుగు వరుసలు పెంచమనండి.

చీమకుర్తి_చిట్టి
రంగు మారిన చోట మెట్టు ఎందుకు పడుతుంది? గుండ్రంగా అల్లుతున్నాం కదా?

ఎడింబరో_శారద
గుండ్రం అనుకుంటాం కానీ అది జిలేబీ చుట్టలాంటిది. ఒక చుట్టు మొదలైన చోటే ముగియదు, ఒక మెట్టు పైన ముగుస్తుంది. ఒకే రంగైతే కంటికి ఆనదు, రంగు మారితే దొరికిపోతుంది. ఉపాయం ఒకటి ఉంది. కొత్త రంగుతో ఒక వరుస పూర్తి చేయండి. రెండో వరుస మొదటి కుట్టు అల్లే ముందు, దాని కింద ఉన్న పాత రంగు కుట్టు కుడి కాలును సూది మీదికి ఎత్తి, రెంటినీ కలిపి అల్లండి. మెట్టు కిందికి దిగిపోతుంది.

మిన్నెసోటా_మంచు
దానికన్నా మురిపెంగా రెండు ఉండలతో ఒక్కో వరుస అల్లుకుంటూ పోతే అసలు మెట్టే ఉండదు. ఒక దారం ఆగిన చోటికి మూడు కుట్ల ముందు ఆగి, రెండో దారం అందుకోవడం. రెండు పాములు ఒకదాని మీద ఒకటి చుట్టుకున్నట్టు ఉంటుంది.

ఎడింబరో_శారద
సాదా అల్లికలో బ్రహ్మాండంగా ఉంటుంది. చిల్లుల వరుసలో ఆ ఆగే చోటు వరుస వరుసకూ జరుగుతూ పోతుంటే, ఎక్కడో ఒక చోట సూదికి దారం చుట్టి చిల్లు చేసే కుట్టు మీద వచ్చి ఆగుతుంది. అప్పుడు మీరు సూదులు గోడకు విసిరేస్తారు. నేను విసిరాను.

లెక్కల_మేడమ్
శారదగారి ఉపాయానికి ఒక సవరణ. రంగు ఎప్పుడు మార్చాలన్నది ముఖ్యం. పద్మగారి డిజైన్ 12 కుట్లది అనుకుంటున్నాను: రెండేసి కలిపి రెండు సార్లు, దారం చుట్టి ఒక కుట్టు నాలుగు సార్లు, మళ్ళీ రెండేసి కలిపి రెండు సార్లు. 60కి అయిదు అలలు. తరవాత రెండు సాదా వరుసలు, ఒక పర్ల్ వరుస, అంటే ఉల్టా కుట్లది. అవునా?

పద్మ_ఊలుబుట్ట
అదే. నేను పర్ల్ వరుసకు రంగు మార్చాను, అక్కడ గింజలు గింజలుగా రెండు రంగులూ కలిసి మురికి పట్టినట్టు కనిపిస్తోంది. ఊలు రంగు దిగిందేమో అనుకున్నాను.

లెక్కల_మేడమ్
రంగు దిగలేదు. పర్ల్ వేస్తే కింది కుట్టు తల ముందుకు వస్తుంది, అది పాత రంగు. అందుకే కొత్త రంగు పర్ల్‌తో మొదలు పెట్టకూడదు. చిల్లుల వరుస పాత రంగులోనే ముగించి, మొదటి సాదా వరుసతో కొత్త రంగు అందుకోండి. రెండో సాదా వరుసలో మెట్టు సవరించండి. మూడోది పర్ల్, నాలుగోది చిల్లులు. చార అంచు శుభ్రంగా అలలా వస్తుంది.

సీదాఉల్టా
ఇంకో చిక్కు ఎవరూ చూడలేదు. పాదం పైభాగం 30 కుట్లు. అల 12. రెండు అలలకు 24, ఆరు మిగిలాయి. ఏం చేస్తారు?

ఎడింబరో_శారద
అటు మూడు, ఇటు మూడు సాదా. పిక్క మీది అలలతో వరుస కలవాలంటే పాదం మొదలయ్యే చోటును మూడు కుట్లు వెనక్కి జరపాలి. లేకపోతే అల చీలమండ దగ్గర పక్కకు జారినట్టు ఉంటుంది.

సీదాఉల్టా
శభాష్. పర్ల్ కూడా ఆ 24 కుట్లకే. అరికాలిలో గట్టు రాకూడదు.

గుంటూరు_వదిన
ఇంత లెక్క వేసేకన్నా పొలం కౌలుకిచ్చుకోవచ్చు.

చీమకుర్తి_చిట్టి
మరి ఆ కొసలన్నీ? నేను ఒక వీడియోలో చూశాను, రెండు కొసలు విప్పి, కొంచెం ఉమ్మి తడిచేసి అరచేతుల్లో రుద్దితే అతుక్కుపోతాయట.

పద్మ_ఊలుబుట్ట
మా అమ్మ వేసుకునే వాటికి ఎంగిలా! తెలిస్తే గంగాళంలో నానబెట్టి, ఆ తరవాత నన్ను నానబెడుతుంది.

ఎడింబరో_శారద
నీళ్ళతో కూడా చేయవచ్చు, మడి చెడదు. కానీ మీ ఊలుకు అది పనిచేయదు. యంత్రంలో ఉతకడానికి వీలుగా శుద్ధి చేసిన ఉన్నిలో పోగుల పొలుసులు అణిగిపోయి ఉంటాయి, ఎంత రుద్దినా ఒకదాన్నొకటి పట్టుకోవు. పైగా నైలాన్ కూడా కలిసింది.

సీదాఉల్టా
కొసలు అల్లుతూనే దాచుకోవాలి. కొత్త రంగు మొదలైన సాదా వరుసలో పాత కొసను వెనక ఎనిమిది, పది కుట్ల దాకా పైకీ కిందికీ వేసుకుంటూ పోండి. చిల్లుల వరుసలో మాత్రం వద్దు, కిటికీలోంచి తొంగి చూస్తుంది. రెండు వరుసల చారలు మానేసి నాలుగు వరుసలు వేస్తే కొసలు సగం అవుతాయి. ఇంకా తగ్గాలంటే ఒకసారికి రెండే రంగులు. పసుపు, తెలుపు నాలుగైదు చారలు. తరవాత పసుపు ఆపి పచ్చ, తెలుపు. తెల్లది తెగకుండా లోపల పైకి వస్తుంది. ఈసారి వదులుగా! ప్రతి రెండు వరుసలకూ ఒకసారి పని దారంతో మెలి వేయండి, ఆ పైన అల్లికను వేళ్ళతో సాగదీసి చూసుకోండి.

మిన్నెసోటా_మంచు
సూది నంబరు ఒకసారి సరిచూసుకోండి పద్మగారూ. మీ వదిన అమెరికా నంబరు చెప్పి, మీరు హైదరాబాదులో అదే నంబరు అడిగితే కొంప మునుగుతుంది. మన దగ్గర నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం, 13 అంటే 2.25 మిల్లీమీటర్లు. అమెరికాలో దాన్నే 1 అంటారు, నంబరు పెరిగితే లావు. నేను తిరగేసి కొని ఒక టోపీ అల్లాను. మా ఆయన దాన్ని పుచ్చకాయకు తొడిగి ఫొటో తీశాడు.

పద్మ_ఊలుబుట్ట
మిల్లీమీటర్లలోనే చూసి కొన్నాను, అది ఒక్కటీ సరిగ్గా చేసినట్టున్నాను. సరే, విప్పేస్తున్నాను. నలభై కొసలు విప్పడానికి ఈ ఆదివారం అంకితం.

లెక్కల_మేడమ్
విప్పిన ఊలు సేమ్యాలా మెలికలు తిరిగి ఉంటుంది. అలాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడు. కుర్చీ వీపుకు చుట్టి నాలుగు చోట్ల వదులుగా కట్టి, నీళ్ళలో ముంచి, కిందికి ఒక చెంచా వేలాడదీసి నీడలో ఆరనివ్వండి.

పద్మ_ఊలుబుట్ట
ఇరవై రెండు రోజుల తరవాత మళ్ళీ వచ్చాను. జత పూర్తయింది.

చారలు 27 అనుకున్నవి 33 వేశాను, ఊలు ఉందని తెలిశాక చేయి ఆగలేదు, పిక్క పొడుగు పెంచాను. వంగపండు రెండు కాళ్ళకూ నాలుగేసి చారలు, చివరి చార అయ్యాక వేలెడు దారం మిగిలింది. మేడమ్ లెక్క గురించి నేనిక మాట్లాడను. మడమ చివర్లో అతికాను, అన్నయ్యగారు చెప్పిన నాలుగు వరుసలు పెంచాను, సాఫీగా ఎక్కింది. మెట్లు ఒక్క చోట తప్ప ఎక్కడా లేవు. ఆ ఒక్కటీ ఎడమకాలిలో, ఫోను మాట్లాడుతూ ఎత్తడం మరిచిపోయిన చోట. దాన్ని కాలి లోపలివైపు వచ్చేలా పెట్టాను.

అమ్మ చేతికిస్తే ముందు కాలికి తొడగలేదు. తిరగేసి లోపలివైపు చూసింది, పట్టుచీర బుటా వెనక చూసినట్టు. కొసలు వేలితో తడిమింది. "పోగులు కనిపించడం లేదే" అంది. తరవాత తొడుక్కుని వంటింట్లోకి వెళ్ళి ఫిల్టర్ కాఫీ పెట్టుకుంది. రాత్రి పడుకునేటప్పుడు కూడా తీయలేదు.

సీదాఉల్టా
వేసుకుని తడి నేల మీద తిరగవద్దని చెప్పండి. జారుతారు.

పద్మ_ఊలుబుట్ట
చెప్పాను అన్నయ్యగారూ. "నేను పుట్టినప్పటినుంచీ నడుస్తున్నాను" అంది.

నరసాపురం_కొక్కెం
నా కొక్కెం పూల వరుస?

పద్మ_ఊలుబుట్ట
వేశాను, తెల్లదారంతో. అమ్మ ముందు దాన్నే చూసి ఇది మాత్రం మన పని అంది.

గుంటూరు_వదిన
మిగిలిన ఊలు ఎంత?

పద్మ_ఊలుబుట్ట
11 గ్రాములు, సగం నీలమే. ఎందుకు వదినగారూ?

గుంటూరు_వదిన
మా మనవరాలికి ఎనిమిది నెలలు. ఆ నీలం పారేయకండి. 12 కుట్ల డిజైన్ పసిపిల్లల కాలికి 36 కుట్లు చేస్తే సరిపోతుందా లెక్కల మేడమ్?